మా వదిన చేతి కొలత

మా వదిన పోలీసు. ఈ మాట వినగానే ఎదుటివాళ్లు ముందు భయపడతారు, తరవాత వదినను చూసి నవ్వుతారు. మనిషి నా భుజం దాకా వస్తుంది. డిపార్ట్‌మెంటు ఇచ్చే చొక్కా చేతులు ఆమె వేళ్లు దాటి వేలాడతాయి, ప్యాంటులో ఇద్దరు పడతారు. బట్టలు కుట్టడం నా వృత్తి కాబట్టి కొత్త యూనిఫాం వచ్చినప్పుడల్లా విప్పదీసి, కోసి, మళ్లీ కుట్టి, ఆమెను మనిషిలా డ్యూటీకి పంపించేది నేనే. "ఆరళ్లు పెట్టే ఆడపడుచుల గురించి విన్నాను గానీ, కుట్టిపెట్టే ఆడపడుచుని నేనే చూశాను" అంటుంది. "అడిగితే ఆరళ్లు కూడా పెడతాను" అంటాను.

ఆమె డ్యూటీ బస్టాండులో. టికెట్ల కౌంటరు పక్కన ఒక చిన్న గది, ఒక బల్ల, రెండు కుర్చీలు. తప్పిపోయిన పిల్లలు, పర్సు పోగొట్టుకున్నవాళ్లు, ఇంట్లో గొడవపడి ఎక్కడికి వెళ్లాలో తెలియక ఏదో ఒక బస్సు ఎక్కబోయే ఆడవాళ్లు, అందరూ ఆ గదికే వస్తారు. రాని వాళ్లను ఆమే వెతుక్కుంటూ వెళ్తుంది. "చేతిలో సంచి ఉంటుందే, కళ్లు మాత్రం ఏ బస్సు బోర్డూ చదవవు. అట్లాంటి మనిషి పక్కన కూర్చోవాలి. ముందు మంచినీళ్లియ్యాలి, అడగడం తరవాత" అంటుంది. ఆ పనంటే ఆమెకు ప్రాణం. మా అన్నయ్యకంటే ఎక్కువని నేనంటే అన్నయ్య కూడా కాదనడు.

ఆ ప్రాణానికి ఏటా ఒక గండం ఉండేది. అది షూటింగు పరీక్ష. బయట డ్యూటీ చెయ్యాలంటే నడుముకి పిస్తోలు ఉండాలి, పిస్తోలు ఉండాలంటే పరీక్ష పాసవ్వాలి. పాత పిస్తోలు పిడి లావు. వదిన పట్టుకుంటే వేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌కు అందేది. నొక్కినప్పుడల్లా పిస్తోలు ఎడమకు జరిగేది, తూటా కాగితం మీది మనిషి బొమ్మను వదిలేసి వెనకున్న మట్టిగట్టులో దిగేది. తోటివాళ్లు ఆమెకు 'మట్టిగట్టు' అనే పేరు ఖాయం చేశారు. శిక్షణ ఇచ్చే సార్ మంచివాడే, కానీ ఆయన దగ్గర అన్ని రోగాలకూ ఒకటే మందు. "నీకు భయమమ్మా. శబ్దానికి భయపడుతున్నావు. ముందు భయం వదిలెయ్" అనేవాడు. పిడి లావుగా ఉంది సార్ అని వదిన ఒకసారి అన్నదట. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అని వెనకనుంచి ఎవరో అంటే అందరూ నవ్వారట. వదిన ఇక ఆ మాట ఎత్తలేదు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. మద్దెల నిజంగానే ఓడైతే ఆడేవాళ్లేం చెయ్యాలి? చొక్కా అయితే నేను కోసి కుడతాను. పిస్తోలును ఎవరు కుడతారు?

ఆమెను గట్టెక్కించింది రిటైరు కాబోతున్న ఒక ముసలి హెడ్ కానిస్టేబులు. ఒకరోజు పక్కకు పిలిచి, "అమ్మాయ్, నీ తూటా ఎడమకి పోతోంది కదా. బొమ్మలో నీ కుడిచేతి వైపున్న భుజానికి గురిపెట్టు. గుండెల్లో పడుతుంది" అన్నాడట. పడింది. ఆ ఏడు బొటాబొటీగా పాసయింది. అప్పట్నుంచి ప్రతి ఏడూ గుండె వదిలి భుజానికి గురిపెట్టడం, ఎలాగో బయటపడటం. ఈ సంగతి సార్‌కు తెలిస్తే దొంగదారి అంటాడని నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇలా ఉండగా డిపార్ట్‌మెంటు పిస్తోళ్లు మార్చింది. పాతవి వెనక్కి తీసుకుని అందరికీ కొత్తవి ఇస్తారు. కొత్తదానితో అందరూ మళ్లీ పరీక్ష పాసవ్వాలి. తప్పినవాళ్లు స్టోరు గదిలో కూర్చుని బూట్లూ టోపీలూ చూసుకోవాలి. ఆ కబురు తెలిసిన రోజు వదిన కంచం ముందు నుంచి సగంలోనే లేచి వెళ్లింది.

కానీ కొత్తది చేతికి వచ్చిన సాయంత్రం నేరుగా నా కుట్టుమిషను దగ్గరికే వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"దీనికీ కొలతలున్నాయే! పిడి వెనక ముక్క ఊడొస్తుంది. చిన్నది, నడిమిది, పెద్దది. నాకు చిన్నది బిగించారు. వేలు హాయిగా అందుతోంది!"

మర్నాడు ప్రాక్టీసు నుంచి వచ్చేసరికి ఆ వెలుగంతా ఆరిపోయింది.

"మట్టిగట్టు తప్పింది, ఇప్పుడన్నీ భుజంలో పడుతున్నాయి. ఒకే చోట, గుత్తిగా. సార్ కూడా తల గోక్కున్నాడు. పిస్తోలు మారితే మాత్రం నా చెయ్యి మారుతుందా?"

"గురి ఎక్కడ పెట్టావు?"

"భుజానికే. ఎప్పుడూ పెట్టేది అక్కడేగా."

నేను కత్తెర కింద పెట్టేశాను. "వదినా! భుజానికి గురిపెట్టి, భుజంలో పడిందని ఏడుస్తున్నావా? నీకసలు మతి ఉందా?"

"గుండెకి పెడితే ఎడమకి పోతుందే" అంది వదిన చిన్నపిల్లలా.

"అది పాతదానితో! నా పాత కత్తెర బట్టను లాగేది. గీతకి కొంచెం ఇవతలగా కోసేదాన్ని, సరిగ్గా వచ్చేది. కొత్తది కొన్నాక కూడా అట్లాగే కోసి చొక్కాలు పాడుచేశాను. కత్తెర బాగుపడిన సంగతి నా చేతికి తెలియలేదు."

"ఎవరి చొక్కాలు?"

"ఒకటి నీదే."

ఇద్దరం నవ్వాం. వదిన నవ్వు మాత్రం సగంలో ఆగింది. "నీ మాట విని గుండెకి పెట్టాక ఎడమకి పోతే? బస్టాండు పోతుందే" అంది. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, పరీక్ష అట్లా కాదు.

పరీక్ష రోజున జరిగింది వదిన చెప్పినట్టే చెబుతాను. మొదటిసారి చెయ్యి తనంతట తానే భుజం వైపు వెళ్లింది. తూటా భుజంలోనే పడింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వదిన పిస్తోలు కొంచెం దించి ఊపిరి పీల్చుకుంది. అప్పుడు నా తిట్టు గుర్తొచ్చిందట. మళ్లీ ఎత్తి, ఎన్నో ఏళ్ల తరవాత తిన్నగా గుండెకి గురిపెట్టింది. పోతే పోయిందనుకుని నొక్కింది. ఎడమకి పోలేదు. తరవాతవి కూడా పోలేదు.

సార్ కాగితం దగ్గరికి వెళ్లి చూసి, "శభాష్! పాసయ్యావమ్మా. చూశావా, ఇన్నాళ్లకి నీ భయం పోయింది!" అన్నాడట, నిజంగానే సంతోషపడుతూ.

"భయం కాదు సార్" అంది మా వదిన. నోట్లో నాలుక లేని మా వదిన, అందరి ముందూ. "నా చెయ్యి చిన్నది. అంతే."

ఎవరూ నవ్వలేదట.

ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఇంటికొచ్చి, యూనిఫాం మార్చుకోకుండానే నా మిషను పక్క స్టూలు మీద కూర్చుంది. చెయ్యి చాపమంది. నా అరచేతికి తన అరచెయ్యి ఆనించింది. ఆమె వేళ్లు నా వేళ్ల పై గీతల దగ్గరే ఆగిపోయాయి.

"చిన్నదే కదా?"

"చిన్నదే వదినా."

"పదిహేనేళ్లు పిరికిదాన్నన్నారు" అంది. "వాళ్లన్నారని కాదు నా బాధ. పిరికిదాన్నేనని నేనూ నమ్మేశాను."

అప్పుడు ఏడ్చింది. నాకు కోపం వచ్చినా ఏడుపే వస్తుంది, అందుకని నేనూ ఏడ్చాను. అంతలో అన్నయ్య వచ్చి, మా ఇద్దర్నీ చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"తప్పిందా?" అన్నాడు మెల్లగా.

"పాసయ్యానండీ" అని వెక్కుతూనే చెప్పింది వదిన.