సహజకు బడి వెతికినప్పుడు నర్సమ్మ మేడం

ఉగాండా రాజధాని కంపాలాలో మా ఆఫీసుకు వెళ్లే దారిలో, మలుపు దగ్గర పెద్ద గొడుగు కింద ముగ్గురు నలుగురు ఆడవాళ్లు పీటలు వేసుకుని జడలు అల్లుతుంటారు. నిన్న పొద్దున వాన అప్పుడే వెలిసింది. తడిసిన ఎర్రమట్టి వాసనలో కలిసి కొబ్బరినూనె వాసన గుప్పుమంది. ఒకామె మోకాళ్ల మధ్య చిన్నపిల్లను కూర్చోబెట్టుకుని పాయలు తీస్తోంది. పిల్ల ఎటో చూస్తూ ఏదో చెబుతూనే ఉంది, ఆమె ఊఁ కొడుతోంది. నాకు అడుగు ముందుకు పడలేదు. మహబూబ్‌నగర్‌లో మా ఆడపిల్లల హాస్టల్ వరండా, ఆదివారం పొద్దు, నర్సమ్మ మేడం వేళ్లు నా తలలో ఉన్నట్టే అనిపించింది.

మేడం మా వార్డెన్. పొట్టి మనిషి, పెద్ద గొంతు. హుజూర్‌నగర్ వైపు రైతు కుటుంబంలో పుట్టి, బదిలీల మీద మా జిల్లాకు వచ్చారు. మాది నారాయణపేట దగ్గర పల్లె. వానలు లేని ఏడు అమ్మ, బాపు మేస్త్రీ వెంట పుణెకు కూలికి పోతూ నన్ను ఆ హాస్టల్లో చేర్చారు. "సాయంత్రం వస్తం బిడ్డా" అని చెప్పి బస్సెక్కారు. నేను గేటు దగ్గర కూర్చున్నాను. అన్నం గంట కొట్టినా లేవలేదు. మేడం వచ్చి నా పక్కనే నేల మీద కూర్చున్నారు.

"సాయంత్రం రారు బిడ్డా. దసరాకొస్తరు. నువ్వేడుస్తవని భయపడి గట్ల చెప్పి పోయిన్రు" అన్నారు.

నేను ఏడ్చాను. ఆమె ఊరుకోమనలేదు, లేచి పోలేదు. ఆ తర్వాత చాలా వారాలు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. మూగపిల్లేమో అని టీచర్లు అనుకున్నారు. మేడం ఆదివారాలు చిన్నపిల్లలకు తల దువ్వేవారు. నా వంతు వచ్చినప్పుడు ఒక్క మాట అడిగి ఊరుకునేవారు. జవాబు రాకపోతే ఇంకోటి అడిగేవారు కాదు. ఓ ఆదివారం "మీ ఇంట్ల మగ్గమున్నదా?" అన్నారు. జడ అల్లడం అయిపోయింది, రిబ్బన్ కట్టడం కూడా అయిపోయింది, అయినా నన్ను లేపలేదు. వెనక వరసలో పిల్లలు గొణుగుతున్నారు. చివరికి "ఉన్నది. అవ్వ నేస్తది" అన్నాను. "ఏం రంగు చీర?" అని ఆమె మామూలుగా అడిగారు, రోజూ మాట్లాడుకునే వాళ్లలాగా. ఆ రోజు తర్వాత నా నోటికి తాళం పడలేదు.

చదువయ్యాక నల్లగొండలో నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం దొరికింది. ఫ్లోరైడ్ నీళ్ల జిల్లా కదా, పనికి కొదవలేదు. బోర్లు వేసే కంపెనీలో సూపర్‌వైజర్ రవీందర్‌తో పెళ్లయింది. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు ఆ కంపెనీకి ఉగాండాలో పని వచ్చింది. నాకూ అందులోనే పని ఇస్తామన్నారు. ఆయన బోర్లు వేయించాలి, నేను ఆ నీళ్లు పరీక్షించాలి. పనేమో ఉత్తరాన దూరపు పల్లెల్లో. మా సహజకు అప్పుడు పదేళ్లు. కంపాలాలో బ్రిటిష్ సిలబస్ ఇంటర్నేషనల్ స్కూళ్లు ఉన్నాయనీ, రోజూ ఇంటి నుంచి వెళ్లిరావచ్చనీ, లేదా అక్కడి బోర్డింగ్‌లోనే ఉంచవచ్చనీ, ఖర్చు కంపెనీయే చూసుకుంటుందనీ చెప్పారు. పల్లెల్లో తిరిగే మాకు బోర్డింగే దిక్కనిపించింది. కానీ సహజకు నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట చిక్కుకుపోయేది. నల్లగొండలో బంధువుల మధ్యే సగం మాటలు మింగేసే పిల్ల, భాష తెలియని దేశంలో, మేము లేని చోట ఎలా ఉంటుందని నాకు నిద్ర పట్టేది కాదు.

ప్రయాణానికి ముందు ముగ్గురం హుజూర్‌నగర్ వెళ్లాం. మేడం రిటైరై అక్కడే ఉంటున్నారు. మేం వెళ్లేసరికి అరుగు మీద కందికాయలు ఒలుస్తున్నారు. రవీందర్ ఫోన్లో ఆ స్కూళ్ల ఫొటోలు ఒక్కొక్కటీ చూపించాడు. ఆమె అన్నీ ఓపిగ్గా చూశారు.

"మంచిగున్నయి. మరి పిల్లనడిగిన్రా?" అన్నారు.

"చిన్నపిల్ల, దానికేం తెలుస్తది మేడం" అన్నాడు రవీందర్.

మేడం సహజ ముందుకు కొన్ని కందికాయలు తోశారు. ఇద్దరూ ఒలవడం మొదలుపెట్టారు. కాసేపయ్యాక, "నీకు ఆ బడి గురించి ఏం తెలుసుకోవాలనున్నది బిడ్డా?" అని అడిగారు.

సహజ "ర... ర..." అని ఆగింది. "రంగులు వేసే క్లాసు ఉంటదా అంటుంది మేడం, బొమ్మలంటే పాణం దానికి" అని రవీందర్ అందుకున్నాడు.

"జర ఆగు అల్లుడా. నిన్నడగలే."

వీధిలో ఆటో ఒకటి వెళ్లిపోయింది. సహజ మూడు నాలుగు సార్లు ప్రయత్నించి, కళ్లు మూసుకుని, "రాత్రి లైట్లు ఆర్పేస్తరా?" అంది.

రవీందర్ నా వైపు చూశాడు. మా ఇద్దరికీ ఆ భయం సంగతే తెలియదు.

"నాకు తెల్వదు బిడ్డా. పోయినంక నువ్వే అడుగు" అన్నారు మేడం. తర్వాత మాతో, "పిల్ల అడుగుతుంటే ఆ బడోళ్లు ఏం జేస్తరో సూడుండ్రి. నేను చెప్పేది గంతే" అన్నారు.

కంపాలాలో మొదట చూసిన స్కూలు కొండ మీద ఉంది. నీలంగా మెరిసే ఈతకొలను, గుర్రాలు, అద్దాల లైబ్రరీ. అడ్మిషన్ల ఆవిడ ఎంతో మర్యాదగా మాట్లాడింది. సహజ నోరు తెరిచింది. ఆవిడ నవ్వుతూ "స్విమ్మింగా? గుర్రాలా? ఆర్ట్ రూమా?" అని వరసగా అందించింది. సహజ ఏదో ఒకదానికి తలూపి ఊరుకుంది. ఆవిడ చెడ్డది కాదు. దాని బుగ్గ నిమిరి చాక్లెట్ కూడా ఇచ్చింది. తిరుగు దారిలో రవీందర్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. సహజ చాక్లెట్ విప్పకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

రెండోది పాత బడి. రేకుల కప్పులు, పనస చెట్లు, ఎర్రమట్టి మైదానం. అక్కడ పిల్లల బసలు చూసుకునే మేట్రన్ ఒక భారీ మనిషి, ఉతికిన దుప్పట్లు మడత పెడుతోంది. మమ్మల్ని చూసి ఆపి, సహజకు ఎదురుగా మంచం మీద కూర్చుంది. సహజ వచ్చీరాని ఇంగ్లిష్‌లో మొదలుపెట్టింది, ఆగింది, మళ్లీ మొదలుపెట్టింది. ఆమె మా వైపు తిరగలేదు. గడియారం వైపు చూడలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, ముందున్నదంతా ఖాళీ సమయమే అన్నట్టు కూర్చుంది. ప్రశ్న పూర్తయ్యాక, గదిలో లైటు ఆర్పేస్తామనీ, బయట వసారాలో తెల్లవార్లూ వెలుగుతుందనీ, కావాలంటే తలుపు పక్క మంచం ఇస్తాననీ చెప్పింది. అప్పుడు సహజ ఇంకో ప్రశ్న అడిగింది. కొత్త మనిషిని అది రెండో ప్రశ్న అడగడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ రోజు మా ఇద్దరికీ గట్టి గొడవే అయింది. "గంత పెద్ద బడి ఇడిసిపెట్టి గీ రేకుల షెడ్లల్ల ఏస్తనంటవా? మనోళ్లు అడిగితే ఏం చెప్పాలె?" అన్నాడు రవీందర్. నేను మేడంకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను. ఆమె రెండు బళ్ల సంగతీ విన్నారు. ఏది మంచిదో చెప్పమంటే చెప్పలేదు.

"గా గుర్రాల బడిల పిల్ల లైటు సంగతి అడిగిందా అల్లుడా?"

"అడగనియ్యలే మేడం" అన్నాడు రవీందర్ చివరికి.

"సరే. ఏ బడన్న ఎయ్యుండ్రి. సాయంత్రమొస్తమని చెప్పి మాత్రం ఇడిసి పోకుండ్రి" అన్నారు. ఆ మాట ఎవరి కోసమో నాకు తెలుసు. ఫోన్ ఆయనకిచ్చేశాను.

పాత బడిలోనే చేర్చాం. మొదటి ఏడాది బోర్డింగ్‌లో వేయలేదు. నేను ఆఫీసర్ను బతిమాలి పల్లెల పని మానుకుని కంపాలా ల్యాబులోనే ఉండిపోయాను. రోజూ పొద్దున దింపడం, సాయంత్రం తెచ్చుకోవడం. రెండో ఏడు సహజే, స్నేహితురాళ్లంతా అక్కడే ఉంటున్నారని, వారమంతా బోర్డింగ్‌లో ఉండి శనాదివారాలకు ఇంటికొస్తానంది. నేను ఉత్తరాన పల్లెల పనికి వెళ్లడం మొదలుపెట్టాను. ప్రతి శుక్రవారం వచ్చి తీసుకెళ్తానని చెప్పాను. ఓ శుక్రవారం వాగు పొంగి మా బండి దారిలోనే నిలిచిపోయింది. బడికి ఫోన్ చేస్తే మేట్రన్ ఎత్తింది. "దారిలో ఉన్నాను, వచ్చేస్తున్నాను" అనాలని నోటిదాకా వచ్చింది. ఆపుకుని, సహజను పిలవమన్నాను.

"ఇయ్యాల రాలేను సహజా. వాగు తగ్గితే రేపు బయలుదేరుత. రేపు కూడా తగ్గకపోతే మల్ల ఫోన్ చేసి చెప్త."

అటు నుంచి చాలాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది. నేను ఆగాను. "స... సరే అమ్మా. నీకు తినేతందుకు ఏమన్న ఉందా?" అంది. ఆ వాగు ఒడ్డున, డ్రైవర్ చూస్తుండగానే ఏడ్చేశాను.

నత్తి పోలేదు. ఇప్పుడు పెద్ద పరీక్షలకు చదువుతోంది, ఇప్పటికీ మాట చిక్కుకుంటుంది. అయితే మింగేయడం మానేసింది. రెండేళ్ల కింద సెలవులకు వెళ్లినప్పుడు మేడం మంచం పట్టి ఉన్నారు. సహజ ఆమె పక్కన కూర్చుని, జీవశాస్త్రం క్లాసు గురించి, మేట్రన్ గురించి, ఆగుతూ ఆగుతూ ఎంతసేపో చెప్పింది. మేడం కళ్లు మూసుకునే వింటున్నారు. మేం లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "పిల్లకు మాటలొచ్చినయి. మీకు ఇనుడొచ్చిందా?" అని నవ్వారు. అదే చివరిసారి చూడటం. ఆమె పోయినప్పుడు నేను వెళ్లలేకపోయాను. రవీందర్ ఆ రోజు పని ఆపించి, ఒంటరిగా బండిలో కూర్చుండిపోయాడట.

పోయిన నెల దేవరకొండ నుంచి కొత్తగా వచ్చిన జంట మా ఇంటికి వచ్చింది. ఏ స్కూలు మంచిదో చెప్పమన్నారు. డే స్కాలర్‌గా వేయాలా, బోర్డింగా, ఏ సిలబస్ అని గబగబా అడుగుతున్నారు. వాళ్ల ఏడేళ్ల అమ్మాయి సోఫా అంచున కూర్చుని ఉంది. నేను కుర్చీ దాని వైపు జరుపుకుని, "నీకేం తెలుసుకోవాలనున్నది బిడ్డా?" అన్నాను. వాళ్లమ్మ జవాబు చెప్పబోయింది. రవీందర్ వంటింట్లోంచి చాయ్ తెస్తూ, "జర ఆగమ్మా" అన్నాడు. పిల్ల చాలాసేపు తన కాళ్ల వైపు చూసుకుంది. చాయ్ చల్లారిపోయింది, ఎవరం ముట్టుకోలేదు.

"ఆడ కుక్కపిల్లలుంటయా?" అంది.

తెలియదన్నాను. సోమవారం వాళ్లు ముగ్గురూ నేనూ, నలుగురం కలిసి సహజ చదివే బడికి అడగడానికి వెళ్లాం.