మూడో గుంట దగ్గర ఆగిన ప్రోగ్రాం

మా కంప్యూటర్ సారు మంగళవారం తెల్లవారుజామున ఐదుంపావుకు పోయారు. గుండెపోటు. ఆయన శిష్యురాలు రాసిన కొత్త ప్రోగ్రాం ఈ ఆదివారం నుంచి సముద్రం ఒడ్డున రొయ్యల గుంటలను చూసుకోవాలి. ఆ రోజు పక్కనే కూర్చుంటానని ఆయన ఆమెకు మాటిచ్చి ఉన్నారు.

కొడవలూరులో ఆయన దగ్గర నేనూ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాను. తరవాత పత్రికలోకి వచ్చేశాను. మొదటి రోజు ఆయన కీబోర్డు ముట్టుకోనివ్వలేదు. "మా ఇంటికి ఎట్ట రావాల్నో చెప్పండి" అన్నారు. బస్టాండు నుంచి ఎడమకు, ఆ తరవాత కుడికి అన్నాను నేను. పక్కనున్న కుర్రాడు "మసీదు వెనకాల నీలం గేటు సార్" అన్నాడు.

"నువ్వు దారి చెప్పినావు, వీడు ఇల్లు చెప్పినాడు. కంప్యూటర్ భాషలు కూడా ఈ రెండు రకాలే అనుకోండి ఇప్పటికి. ఏ భాషలో రాస్తే బుర్ర ఆ పక్కకే పోతుంది. కనిపెట్టుకోని ఉండండి."

గుంటల పాత ప్రోగ్రాం ఆయన ఇల్లు చెప్పే భాషలో రాశారు. ఆక్సిజన్ తగ్గిన ఏ గుంటలోనూ నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్ ఆగి ఉండకూడదు. అందులో ఉన్న నియమం అదే. ఎలా అన్నది ప్రోగ్రామే తేల్చుకునేది. ఆ భాష తెలిసినవాళ్లు ఇక్కడ ఇంకెవరూ లేరు. అది నడిచే కంప్యూటర్ ఉప్పుగాలికి పాడైపోతోంది. అందుకే ఆయన శిష్యురాలైన ఆ అమ్మాయి దాన్ని ఇప్పటి భాషలో, దారి చెప్పే రకంలో తిరగరాసింది.

పోయిన నెల గుంటల షెడ్డులో దాన్ని పరీక్షించినప్పుడు నేనూ ఉన్నాను. ఆమె ల్యాప్‌టాప్‌లో అది ఎప్పుడూ తప్పలేదు. ఇక్కడ మూడో గుంటలో ఆక్సిజన్ కొలిచే మీటరు తీగ తుప్పుపట్టి తెగింది. ప్రోగ్రాం ఆ మీటరు జవాబు కోసం ఆగిపోయింది. మిగతా గుంటలను అడగనే లేదు.

"ఏందమ్మాయ్, ఒక్కో గుంట కాడికి పొయ్యి పలకరిస్తా ఉండావా? మూడోది పలక్కపోతే ఆడే నిలబడిపోయినావే" అన్నారు సారు.

"ఈ భాషలో వరసగానే రాస్తాం గదా సార్."

"రొయ్యలకి వరసుందా? అన్నీ ఒకేసారి ఊపిరి పీలుస్తాయి."

గుంటల యజమాని నవ్వలేదు. "పట్టి అమ్మే వేళకొచ్చిన సరుకు సార్. గాలి ఆగితే పొద్దెక్కేలోపు చచ్చి తేలిపోతాయి" అన్నాడు.

సారు తన ప్రోగ్రాంనూ వెనకేసుకు రాలేదు. "నాది మటుకు? ఈ గుంటకే ముందు గాలి ఎందుకేసినావంటే చెప్పదు. నీది చెప్తుంది. ఆ గుణం వదులుకోబాక."

ఆ తరవాత గుంటల్లో ఎప్పటికీ జరగకూడనిది ఏమిటో తెలుగులో చెప్పమన్నారు. ఆమె చెబుతుంటే స్క్రీన్‌కు వీపు తిప్పి విన్నారు. విద్యార్థి ఎవరైనా ఆయన అలాగే వినేవారు.

అమ్మాయి ఆ తప్పు సరిచేసింది. పలకని గుంటను ఇప్పుడు ప్రమాదంలో ఉన్నట్టే లెక్కగట్టి, ప్రోగ్రాం ముందుకు సాగుతుంది. మంగళవారం సారు ఇంటి నీలం గేటు దగ్గర ఆమె నన్ను అడిగింది. "ఒకటి సారు పట్టుకున్నారన్నా. నాకు కనపడనిది ఇంకోటి ఉంటే?"

ఆదివారం ఉదయం ఆరింటికి పరీక్ష కోసం మెయిన్ స్విచ్ దించి కరెంటు ఆపుతారు. జనరేటర్ మీద ఏరేటర్లను ప్రోగ్రామే వేసుకోవాలి. అది తప్పితే చేత్తో వేయడానికి జనరేటర్ దగ్గర ఒక మనిషి ఉంటాడు. అంతకు ముందే యజమాని ఒక్కడే గట్లన్నీ తిరిగి, తనకు తోచిన మీటరు తీగ ఒకటి పీకేసి వస్తాడు. ఏ గుంటదో చెప్పొద్దని అడిగింది అమ్మాయే. కరెంటు పోయాక ఆమె స్క్రీన్‌కు వీపు తిప్పి, ఏరేటర్లు చిమ్మే నీళ్ల చప్పుడు వింటుంది.