సముద్రం అడుగున కాపలా

ఆపుకోవడం నాకు మొదట వచ్చిన విద్య. మిషన్ కుట్టడం ఆ తర్వాత నేర్చుకున్నాను.

బొల్లాపల్లి దగ్గర మా పల్లెలో నా చిన్నప్పుడు ఆడవాళ్ళు తెల్లారక ముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి బయటికి వెళ్ళేవాళ్ళు. ఆ మధ్యలో మిరప చేలో కూలికి పోయినా, మాచర్ల బస్సెక్కినా నీళ్ళు తక్కువ తాగి నెట్టుకురావడమే. మరీ ఆగలేకపోతే ఇద్దరం కలిసి కంది సాళ్ళ వెనక్కి పోయేవాళ్ళం. ఒకరు కూర్చుంటే, రెండోవాళ్ళు వీపు అటు తిప్పి, పైట చాపి నిలబడాలి. ఎవరన్నా వస్తుంటే దగ్గాలి. దాన్నే కాపలా అనేవాళ్ళం. పోనుపోను నాకు కాపలా లేనిదే చుక్క రాని అలవాటు పట్టుకుంది.

బడి ఏడో తరగతితో అయిపోయింది. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. అక్కడున్న ఒకే ఒక్క బీరువాని పై అర నుంచి కింది అర దాకా వరసగా చదివేశాను. పేను బంక నివారణ చదివాను, గ్రహణాల గురించి చదివాను. అట్ట చిరిగిపోయిన ఒక పుస్తకంలో ఆక్టోపస్ గురించి చదివాను. దానికి ఎనిమిది చేతులు, మూడు గుండెలు, నీలం రక్తం. కూర్చున్న రాయి రంగులోకి తనూ మారిపోతుంది. ఇప్పుడు నరసరావుపేటలో జాకెట్లు కుడుతున్నాను గదా, కొలతలకు వచ్చిన ప్రతి ఆవిడకీ ఈ సంగతి చెబుతుంటాను. ఒకావిడ టేపు కింద చేతులెత్తి నిలబడే అంది: "మూడు గుండెలా! నాకున్న ఒక్కదానికే మా ఆయన చాలట్లేదు."

మా అన్న కూతురు సాగర్ కాలవలో ఈత నేర్చింది. ఇప్పుడు విశాఖపట్నంలో జనాన్ని సముద్రం అడుక్కి తీసుకెళ్ళి చూపించే పని చేస్తోంది. పోయిన ఫిబ్రవరిలో ఫోన్ చేసింది.

"అత్తా, నీ మూడు గుండెలోడు మా రాళ్ళల్లోనే కాపురం పెట్టాడు. వచ్చెయ్."

పెళ్ళిళ్ళ జాకెట్లు ఒక విడత అవగొట్టి, కొట్టు మూసి రైలెక్కాను.

అలవాటు కొద్దీ దారంతా గుటక నీళ్ళు తాగలేదు. రైలు దిగగానే మా మేనకోడలు నా మొహం చూసి కనిపెట్టేసింది. "నీళ్ళు తాగందే నీళ్ళలోకి దించను" అని ఒక కొబ్బరి బొండం, రెండు సీసాల నీళ్ళు దగ్గరుండి తాగించింది. తర్వాత వెట్ సూట్ తెచ్చింది. ఒంటికి అతుక్కుపోయే దళసరి రబ్బరు బట్ట, మెడ నుంచి మడమ దాకా ఒకటే ముక్క, జిప్పు వీపు మీద. మిరపకాయల్ని గోతంలో వేసి కాళ్ళతో తొక్కి కూరుతారే, అట్లా నన్ను అందులోకి కూరింది. పావు అంగుళం లూజు లేదు. కుట్టినవాడి చెయ్యి మంచిదే అనుకున్నాను.

పడవ కదిలిన పది నిమిషాలకే కొబ్బరి బొండం కబురు పెట్టింది.

"ఏమే, ఇందులో బాత్రూం ఏదీ?"

"వేసుకున్నావుగా."

"ఏందే?"

"సూట్లోనే పోసెయ్యత్తా. అందరూ చేసే పనే. కాసేపు వెచ్చగా కూడా ఉంటది."

ముప్పై ఏళ్ళుగా పరాయివాళ్ళ బట్ట మీద టీ చుక్క పడనివ్వని దాన్ని. "అద్దె బట్టలోనా? సిగ్గు లేదటే? నా తర్వాత ఇది వేసుకునేవాళ్ళు ఏమనుకుంటారు?"

"నీకు ముందు వేసుకున్నవాళ్ళు కూడా పోసే ఉంటారు."

నేను నా ఒంటి వంక చూసుకున్నాను. జిప్పు వీపు మీదుంది. చెయ్యి అందదు.

దిగేది ఒకే ఒక్కసారి. సిలిండర్‌లో గాలి ముప్పావు గంటకు సరిపోతుంది. మధ్యలో పైకొస్తే ఆ రోజుకి మళ్ళీ దింపరు, సాయంత్రానికి నాకు రైలు. ఆక్టోపస్‌ని చూస్తే ఆ ముప్పావు గంటలోనే చూడాలి. కాబట్టి ఆపుకునే దిగాను. అది నాకు చేతనైన పనే కదా!

అయితే సముద్రానికి నా సంగతి తెలియదు. చల్లటి నీళ్ళలో ఉంటే కాళ్ళూ చేతుల్లోని రక్తం లోపలికి చేరుతుందని, ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని మూత్రపిండాలు పని పెంచుతాయని నేను చదివాను. పడవలో మేనకోడలికి చెప్పాను కూడా. "అందుకే పోసెయ్యమంటున్నా" అంది. చదివింది నిజమని అడుక్కి చేరిన కాసేపటికే తెలిసింది. చుట్టూ చారల చేపలు మందలుగా తిరుగుతున్నాయి. నాకు ఒక్కటీ కంటికి ఆనలేదు. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా పళ్ళు బిగబట్టినట్టు గాలి గొట్టాన్ని కొరికి పట్టుకున్నాను.

ఇక ఆగలేక, సిగ్గు విడిచేశాను. పోసేద్దామనే నిర్ణయించుకున్నాను. రాదే! పొట్ట రాయైంది కానీ చుక్క రాదు. ఇసక మీద మోకాళ్ళు ఆనించాను, కళ్ళు మూసుకున్నాను, ఇంట్లో కుళాయి తిప్పినట్టు ఊహించుకున్నాను. కళ్ళు తెరిస్తే ఎదురుగా అద్దాల్లోంచి మా మేనకోడలు నన్నే చూస్తోంది. నా బొటనవేలు పైకి లేచింది. అక్కడ దానర్థం, పైకి పోదామని.

అది నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. నడుముకి కట్టుకున్న చిన్న పలక తీసి పెన్సిల్‌తో రాసి చూపించింది: "పొయ్యలేదా?"

బీరువా మొత్తం చదివిన నేను నీళ్ళ అడుగున చదివిన ఒకే ఒక్క వాక్యం అది. పెన్సిల్ లాక్కుని కింద రాశాను: "అటు తిరుగు."

అది పలక వంక చూసింది, నా వంక చూసింది. దాని గాలి గొట్టంలోంచి గలగలా బుడగలు లేచాయి. నవ్వుతోంది. కానీ అదీ మా పల్లె పిల్లే. వాళ్ళమ్మతో కంది చేలోకి వెళ్ళిన పిల్లే. ఒక చెయ్యి వెనక్కి పెట్టి నా వేళ్ళు గట్టిగా పట్టుకుని, వీపు నాకేసి తిప్పింది. రెండో చెయ్యి పక్కకి బారుగా చాపింది. పైట లేదు, అంతే తేడా.

ఎన్ని బారల లోతో నాకు తెలియదు కానీ, అంత నీళ్ళ కింద, కాపలా దొరికింది.

మొదట వెన్నులో ఒక వణుకు. తర్వాత నడుం దగ్గర మొదలై, తొడల మీదుగా మోకాళ్ళ దాకా వెచ్చదనం పాకింది. ఎంతసేపో. కొబ్బరి బొండం అయిపోయింది, రెండు సీసాలూ అయిపోయాయి, ఇంకా వస్తూనే ఉంది. మాచర్ల బస్సుల్లో ఆపుకున్నది కూడా ఆ రోజే తీరిందనిపించింది.

అప్పుడే నా వేళ్ళు పట్టుకున్న చెయ్యి గట్టిగా రెండుసార్లు లాగింది. ఎవరో వస్తున్నారు! నీళ్ళలో దగ్గడం కుదరదు కదా. నేను గబుక్కున సర్దుకోబోయాను, సర్దుకోవడానికి ఏమీ లేదని గుర్తొచ్చింది.

చాపిన చేత్తో అది ఎదురుగా ఉన్న రాయిని చూపిస్తోంది. రాయి మీద ఒక ముద్ద. ఆ ముద్దకి ఒక కన్ను. ఆ కన్ను మా ఇద్దరినీ చూస్తోంది. చూస్తుండగానే మట్టిరంగు ముద్ద ఎర్రబడింది, ఒక్కొక్క చెయ్యే విప్పి రాతి మీద నడుచుకుంటూ పోయి సందులో దూరింది. నేను చేతులు లెక్కపెట్టాను. ఆరు దాకా లెక్క అందింది.

పడవెక్కాక మేనకోడలు తల తుడుచుకుంటూ, "నేనే ముందు చూశానత్తా" అంది.

"కాపలా ఉన్నోళ్ళకి కనబడక ఇంకెవరికి కనబడతదే?" అన్నాను. "కానీ ఆ మగాడెవడో చూస్తా ఉంటే దగ్గొద్దా?"

"మగాడని నీకెట్లా తెలుసు?"

అది మాత్రం ఆ పుస్తకంలో లేదు. అట్టతో పాటు కొన్ని పేజీలు కూడా పోయినట్టున్నాయి.