పార్కులో గుంటక

కళలకూ పార్కులకూ జీవితమంతా ధారపోశానని నన్ను ఇప్పుడు సభల్లో పొగుడుతుంటారు. పొగిడేవాళ్ళెవరికీ నా మొదటి పార్కు సంగతి తెలియదు. ఆరు నెలల కష్టాన్ని ఒక్క పూటలో ఎలా నాశనం చేయవచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఆఫీసులే డేరాల్లో ఉంటే మా కళా సమితికి చోటెక్కడ దొరుకుతుంది? హరికథైనా నాటకమైనా జనం రాళ్ళ మీద కూర్చుని చూడాల్సిందే. కల్లూరు దగ్గర ఖాళీ స్థలం ఒకటుంటే, "ఆరు నెలల్లో పచ్చని పార్కు చేసి చూపించండి, సమితికి రాసిస్తాను" అన్నాడు పెద్ద ఆఫీసరు. సమితి సెక్రటరీని నేనే. వయసు ఇరవై ఆరు, తెలివి అందులో సగం.

పచ్చిక కోసం కోడుమూరు వెళ్ళి, మద్దిలేటి అనే పెద్ద వయసు రైతును గరిక అడిగాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు.

"గరికనా? నాటేదానికా?"

"అవునన్నా. నీళ్ళు పోసి పెంచుతాం."

"నీళ్ళు గూడా పోస్తారా" అని, ఇంట్లోకి తిరిగి, "ఈ అప్పకు మజ్జిగ ఇయ్యండి, ఎండలో శానా తిరిగినట్టుండాడు" అన్నాడు.

మెట్ట సేద్యగాడికి గరిక పగవాడితో సమానమని నాకేం తెలుసు? బండెడు గరిక ఊరికే ఇచ్చి, ఇంకో బండి కావాలా అని కూడా అడిగాడు. దాన్ని నాటి, హంద్రీ నుంచి బిందెలతో నీళ్ళు మోయించి, గడువులోగా ఆ నేలను చిలక రెక్కలా చేశాను.

ఆఫీసరు వచ్చే ముందు రోజు, సాయానికి రమ్మంటే మద్దిలేటి ఎద్దులతో సహా వచ్చాడు.

"అన్నా, రేపటికి కలుపు ఒక్క పరక కనపడకూడదు" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. "ఒక్కటి గూడానా? అట్లయితే గుంటక తోలాల్సిందే."

గుంటక అంటే ఏమిటో నాకు తెలియదు. తెలియదంటే సెక్రటరీ పరువేం కాను? పెద్ద సేద్యగాడిలా గడ్డం నిమురుకుని, "అదే మంచిది, తోలు" అని ఉపన్యాసం బట్టీ పట్టడానికి ఊళ్ళోకి వెళ్ళిపోయాను.

మర్నాడు ఆఫీసరుతో వచ్చి చూస్తే పార్కు లేదు. ఎర్రగా దున్నిన చేను ఉంది. అంచున మద్దిలేటి గర్వంగా నిలబడి ఉన్నాడు.

"అన్నా, పచ్చిక ఏది?"

"పచ్చిక యాడుండాది? అంతా గరికే గదా. గుంటకకుండే ఇనప బద్దతో నేల కింద యేర్లు కోసి, ఏరి కాలబెట్టినా."

"నాటింది నేనే గదన్నా."

"నాకు తెల్దా? కలుపు వద్దని నువ్వే చెప్తివి. అప్పకు బుద్ధి కుదిరిందని ఎద్దులకు గూడా చెప్పి తోలినా."

నాకు ఏడుపొచ్చింది. ఇక మా జనం రాళ్ళ మీదే. ఇంతలో ఆఫీసరు చెప్పులు విడిచి చేలో దిగాడు. ఆయనా సేద్యగాళ్ళ ఇంటివాడే. మట్టి పిడికిట పట్టి నలిపి, "ఇంత సొగసైన సేద్యం నేను ఈ జిల్లాలో చూడలేదు. ఎవరు చేయించినారు?" అన్నాడు.

మద్దిలేటి నన్ను చూపించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. చేతులు కట్టుకుని వినయంగా వంగాను.

ఆఫీసరు గుమాస్తా వైపు తిరిగాడు. "ఇట్లాంటి నేలను నాటకాలకిస్తే పాపం. సర్కారు విత్తనాలు పండించే ఫారానికి రాసుకో." ఆయన కోసం నేను తెచ్చిన దండను నా మెడలోనే వేసి వెళ్ళిపోయాడు.

మద్దిలేటి నా భుజం తట్టి, "ఇంకో పార్కు పెట్టేటప్పుడు చెప్పి పంపప్పా, గుంటక తోల్కోని వస్తా" అన్నాడు.

ఆ దండ మెడలో ఉండగానే ప్రమాణం చేశాను. ఈ జన్మలో పేరు తెలియని పనిముట్టుకు తల ఊపను. ఊపితే, దాన్ని ముందు నా మీదే తోలించుకుంటాను.