సగం సారు

మా మేనేజరుగారు ఏ మాట విన్నా అందులోంచి సగం తీసేసేవారు. ఆయనలో వేరే అవలక్షణం లేదు. ఆ ఒక్కదానికే ఆఫీసంతా హడలెత్తేది.

"సార్, పని దాదాపు అయిపోయింది."

"సగం తీసెయ్."

"సార్, ఒంట్లో అస్సలు బాగాలేదు."

"సగం తీసేసి మధ్యాహ్నం నుంచి రా."

ఇంట్లోనూ అంతే. ఆయన భార్యని మేం పిన్నిగారనేవాళ్లం. ఆవిడ కొత్త కళ్లజోడు పెట్టుకుని ఎలా ఉందని అడిగితే "బాగుంది" అని, ఆవిడ మొహం వెలిగేలోపు "సగం" అని చేర్చేవారు. "ఈయనతో ముప్ఫయ్యేళ్లు కాపురం చేశాను. ఈయన లెక్కన పదిహేనే. మిగతా పదిహేనూ నేనెక్కడున్నట్టు?" అని ఆవిడ వాపోయేవారు.

కొన్నాళ్లకి కంపెనీ మూతపడింది. ఆఖరి మీటింగులో యజమాని "మనమంతా ఒకే కుటుంబం" అంటూ గొంతు జీరగా చేసుకున్నాడు. వెనక వరసలోంచి వినపడింది: "సగం తీసెయ్." నిజానికి ఆ పని జీతాల విషయంలో యజమాని ఎప్పుడో చేశాడు.

ఇక అందరి కళ్లూ ఒక పరాయి దేశం వీసా మీద పడ్డాయి. వీసాకి ముందు ఆ దేశం వాళ్లు మన కంప్యూటర్ చదువునీ అనుభవాన్నీ తూచి చూస్తారు. ఈ మనిషి ఫలానా పనులు చేసిందని పాత పైఅధికారి రాసి సంతకం పెట్టాలి. ఒక వీసా కన్సల్టెంటు అందరికీ ఒకే నమూనా పంచిపెట్టాడు. కంప్యూటర్ ఉద్యోగాలకి ఆ దేశపు జాబితాలో ఏం రాసి ఉందో అదే, కామాలతో సహా. దాంతో ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగే పెద్దమనిషి తెల్లారేసరికి నెట్‌వర్క్ నిపుణుడైపోయాడు. పై నుంచి వచ్చిన మెయిలు కిందికి తోయడం తప్ప ఏమీ ఎరగని టీమ్ లీడరు సిస్టమ్స్ ఆర్కిటెక్ట్ అయి కూర్చున్నాడు.

"ఆర్కిటెక్టా?" అన్నారు సగం సారు. "సగం తీసేస్తే కనీసం తాపీమేస్త్రీ మిగలాలి కదయ్యా. నీలో అదీ లేదే!"

ఆర్కిటెక్టులంతా ఆయన్ని తిట్టుకుంటూ వెళ్లి యజమాని బావమరిది చేత సంతకాలు పెట్టించుకున్నారు. ఆయన ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడు. చదివే దురలవాటు లేదు.

నా కష్టం వేరు. నాది వృక్షశాస్త్రం డిగ్రీ. కంప్యూటర్ చదువు కాకపోతే ఆ దేశం వాళ్లు అనుభవంలోంచి ముందే కొన్నేళ్లు కోసేస్తారు. వాళ్లూ సగం సారు వంశమే! మా ఆయనదీ అదే కంపెనీ కాబట్టి ఇంట్లో రెండు ఉద్యోగాలూ ఒకేరోజు ఊడాయి. ఇది గట్టెక్కకపోతే మాకు వేరే దారి లేదు. రెండు పేజీలు ఘనంగా రాసుకుని సారు ఇంట్లో భోజనాల బల్ల ముందు కూర్చున్నాను.

"'బృందానికి నేతృత్వం వహించింది.' ఎవరమ్మా బృందం?"

"నేనూ, సెలవులో ఉన్న ఇంకో అమ్మాయీ సార్."

కొట్టేశారు.

"'సంక్లిష్ట సమస్యలకు వినూత్న పరిష్కారాలు.' అంటే?"

"ఆసుపత్రి రికార్డుల్లో ఒకే పేరున్న రోగులు కలిసిపోతుంటే విడదీశాను సార్. పేరుతోపాటు పుట్టినతేదీ, ఫోన్ నంబరూ పోల్చి చూసేలా ప్రోగ్రామ్ రాశాను."

"అది రాయక ఈ బాకా ఎందుకు?"

రెండు పేజీలు ఒకటయ్యాయి.

"సార్, మా ఇల్లు గడవాలి" అన్నాను.

"గడుస్తుంది. సంతకం ఎక్కడ పెట్టాలి?"

మెట్లు దిగినంతసేపూ ఆయన్ని తిట్టుకున్నాను. అందులో సగం కూడా తగ్గించలేదు.

కొద్ది వారాలకి ఆర్కిటెక్టులందరికీ జవాబులొచ్చాయి. ఒకే ఆఫీసులో ఇంతమంది ఒకే మాటల్లో, ఒకే కామాలతో పనిచేశారంటే నమ్మశక్యంగా లేదన్నారు. అందర్నీ తిప్పికొట్టారు. నాకు మాత్రం ఏ కబురూ లేదు. ఇంతలో సారు ఆసుపత్రిలో చేరారని తెలిసి చూడ్డానికి వెళ్లాను. పిత్తాశయంలో రాళ్లు.

"బాగా పెద్దవట కదా సార్?"

"సగం తీసెయ్."

అప్పుడే దిండు కింద ఫోన్ మోగింది. ఆయన స్పీకరు నొక్కారు. ఆ దేశం నుంచి, నా కాగితాలు చూస్తున్న అధికారిణి.

"ఈమె గురించి మీరు రాసింది చాలా తక్కువగా ఉంది. చేసింది ఇంతేనా?"

"అది సగమేనండీ" అంటూ సారు లేచి కూర్చున్నారు. "మొత్తం రాస్తే మీరు నమ్మరు, సగం తీసేస్తారు. సగం రాస్తే మిగతా సగం అడగడానికి ఫోన్ చేస్తారు. ఇప్పుడు రాసుకోండి."

ఇక మొదలుపెట్టారు. సెలవులో ఉన్న అమ్మాయి పని నేనెలా లాక్కొచ్చానో, ఒకరి రక్తం గ్రూపు ఇంకొకరి పేరు మీదికి ఎక్కకుండా ప్రోగ్రాములో ఎలా అడ్డు కట్టానో, నేనే మరిచిపోయినవన్నీ చెప్పారు. ఒక్క బాకా లేదు, ఒక్క అబద్ధం లేదు.

ఫోన్ పెట్టేశారు. మంచం పక్కనున్న పిన్నిగారు అందుకున్నారు.

"ఆపరేషన్ పోయినవారమే అవ్వాలమ్మా! తను మత్తులో ఉండగా నీ గురించి ఫోనొస్తే ఎవరెత్తుతారని వాయిదా వేయించారు. డాక్టరు అర్జెంటు అంటే..."

"సగం తీసెయ్యమన్నారా?"

"ఆ డాక్టరు మొహం చూడాల్సింది నువ్వు!"

"తెలీని నంబరు మీ పిన్ని ఎత్తదు. అంతకంటే ఏం లేదు" అని సారు గోడవైపు తిరిగి పడుకున్నారు.

మర్నాడు రాళ్లు తీసేశారు. ఆయన దగ్గర్నుంచి సగం కాకుండా మొత్తం తీసింది అదొక్కటే. నాకు వీసా వచ్చింది. ఆయన ఆ తర్వాత చాలా ఏళ్లు, సగం తీసేసినా చాలా ఏళ్లే, హాయిగా అందరి మాటలూ కోసుకుంటూ బతికారు.

ఈమధ్య ఆయన పోయాక సంతాప సభలో నేను విదేశం నుంచే ఫోన్ తెర మీద మాట్లాడాను. అలాంటి మనిషి ఇంకొకరు ఉండరన్నాను. ఆర్కిటెక్టులు కూడా తలలూపారు. పిన్నిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు.

"సగం తీసెయ్యమ్మా, ఆయన వింటే ఊరుకోరు."

"తీసేశాకే చెప్తున్నాను పిన్నిగారూ."