మేకప్ అంటే పౌడరు కాదు

మంచిర్యాల బస్సులో నా పక్కన కూర్చున్న నర్సు అమ్మాయికి ఆ రోజు పదకొండింటికి ఇంగ్లిష్ మాట్లాడే పరీక్ష. పాసైతేనే ఉద్యోగం. మా చర్చి సంఘంలో నేను ఇంగ్లిష్ ప్రసంగాలను తెలుగులో చెబుతుంటానని తెలియగానే నోట్‌బుక్ నా ముందు పెట్టింది.

తమ్మునితో గొడవపడ్డ స్నేహితురాలికి ఏం సలహా ఇస్తావన్నది ప్రశ్న. కోచింగ్‌లో రాయించిన జవాబు: "యూ షుడ్ మేకప్ విత్ యువర్ బ్రదర్." దాని కింద తెలుగులో తనే రాసుకుంది: నువ్వు నీ తమ్మునితోని పౌడర్ పెట్టుకోవాలె.

నేను నవ్వాను.

"నవ్వకుండ్రి సార్, నా పానం పోతున్నది!"

"ఇక్కడ పౌడరు కాదు బిడ్డా. సమాధానపడుడు, మళ్ల కలుసుడు."

"మరి షుడ్?"

"సలహా. మస్ట్ అంటే హుకుం."

"పెద్దోళ్లకు షుడ్ అనొచ్చా? తప్పు గాదా?"

"అనొచ్చు."

ఆమె నా ముఖంలోకి చూస్తూ తడబడకుండా ఆ వాక్యం అప్పజెప్పింది. "కరెక్టేనా సార్?"

పొలం గట్టు మీద మాటామాటా పెరిగి, నేను మా తమ్మునితో మాట్లాడక మూడేళ్లు. ఆ మూడేళ్లూ చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టెకు చేయి చాస్తూనే ఉన్నాను. సమాధానం గురించి ఎన్ని ప్రసంగాలు తెలుగు చేశానో! తల ఊపాను.

ఆమెకు ఉద్యోగం వచ్చిందో లేదో తెలియదు. బస్సు దిగగానే తమ్మునికి ఫోన్ చేశాను.

"ఎవలు?" అన్నాడు. నా నంబరు తీసేసినట్టున్నాడు.

"నేనేరా."

వాడు ఫోన్ పెట్టేయలేదు.