రాని ఫీజుకు కృతజ్ఞతలు

మా కొండల్లో కొత్త కొర్ర ఇంటికి వచ్చాక, దాన్ని వండి ముందు ఊరి దేవతకు పెడతాం. ఆ తర్వాతే మనుషులు నోట పెట్టుకుంటారు. ఆ పండగను కొర్రకొత్త అంటాం. చేను పచ్చిగా ఉండగా ఎవరూ డప్పు కొట్టరు. ఇంత చిన్న సంగతి ఒక డిగ్రీ కాలేజీ గుమస్తాకు నేను విడమరిచి చెప్పవలసి వచ్చింది.

మాది పెదబయలు పక్క ముఠాదారుల ఇల్లు. కొన్ని ఊళ్ళ మీద పెత్తనం, పన్ను వసూలు, తగువుల తీర్పు ఒకప్పుడు మా తాతల చేతిలో ఉండేవి. ముఠాదారీ రద్దయింది. భూమి పంపకాల్లో కొంత, కోర్టుల్లో కొంత, మా పెద్దల దర్జాకు కొంత పోయింది. మిగిలినవి సగం పెంకులు జారిపోయిన ఇల్లు, సిల్వర్ ఓక్ నీడన కాస్త కాఫీ తోట. వాటికి వారసురాలిని నేనొక్కతెనే. మా ఆయన పోయాక ఆ తోట మీదే నేనూ నా కూతురూ బతుకుతున్నాం. ఇందులో సిగ్గుపడవలసింది నాకేమీ కనిపించదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పని మీద అరుగెక్కినవాడిని ముందు కూర్చోబెట్టేవారు, పన్ను కట్టలేనివాడైనా సరే. మనిషిని నిలబెట్టి మాట్లాడితే ఇంటికే తక్కువ అనేవాడు మా తాత. ఆయన మంచివాడని చెప్పను, పన్ను గట్టిగానే తీసుకునేవాడు. కానీ దానితోపాటు దండం కూడా పెట్టమని ఎవరినీ అడగలేదు.

మొన్నటి పరీక్షలప్పుడు, హాస్టల్లో ఉండే నా కూతురు తెల్లారుతూనే ఫోన్ చేసింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం.

"అమ్మా, రేపే ఎగ్జామ్. మాకు హాల్ టికెట్లు ఇవ్వరంట. ఫీజు గవర్నమెంటు ఇంకా ఎయ్యలేదంట. నువ్వు బేగి రా."

గిరిజన విద్యార్థుల ఫీజు తానే కడతానని ప్రభుత్వం ఒప్పుకుంది. మేము అడుక్కుంటే వేసిన భిక్ష కాదది. ఒకప్పుడు ఆ డబ్బు తల్లుల ఖాతాలో పడేది. ఇప్పుడు నేరుగా కాలేజీకే వెళుతుంది, మీకే శ్రమా ఉండదు అన్నారు. డబ్బు వెళ్ళలేదు, శ్రమ మాత్రం మా దగ్గరే ఉంది. దొరికిన మొదటి బస్సెక్కాను.

ఆఫీసు వరండాలో తల్లులు వరసగా నిలబడి ఉన్నారు. హుకుంపేట నుంచి కొందరు, ముంచింగిపుట్టు నుంచి కొందరు. కిటికీ వెనక గుమస్తా కూర్చుని ఉన్నాడు. మైదానం మనిషి. తన తల్లి వయసు వాళ్ళను కూడా నువ్వు అంటున్నాడు. నా వంతు వచ్చేసరికి నా మీదా విసుక్కున్నాడు.

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు? గవర్నమెంటు డబ్బు పడలేదు. పడితే టికెట్టు ఇస్తాం. లేదంటే నువ్వు కట్టు."

"మీకు బాకీ పడ్డది ప్రభుత్వం. నా కూతురు కాదు. వాళ్ళనే అడగండి," అన్నాను.

అతను తలెత్తి చూశాడు. "తెలుగు బాగా మాట్లాడతన్నావే! ఏ ఊరు నీది?"

చెప్పాను. అతని గొంతు మెత్తబడింది కానీ ఆ నువ్వు మారలేదు. తలుపు తీసుకుని బయటికి వచ్చి ఫోన్ తీశాడు.

"ఓ పని చెయ్యి. తల్లులు థాంక్స్ చెప్పినట్టు మధ్యాహ్నంలోగా పైకి ఒక వీడియో పంపాలి. 'అడవిలో కట్టెలు కొట్టుకునేవాళ్ళం, ఫీజు కట్టి మా పిల్లని చదివించారు, జన్మంతా రుణపడి ఉంటాం' అను. ఆ కొంగు మీవాళ్ళు కట్టినట్టు భుజం మీద ముడేసుకో, బాగుంటది. నీ గుంట టికెట్టు సంగతి నేను చూసుకుంటా."

"ఏ ఫీజుకు థాంక్స్?"

"గవర్నమెంటు కట్టిన ఫీజుకి."

"కట్టలేదనే కదా టికెట్టు ఆపారు?"

"అది ఆఫీసు సంగతి. ఇది వీడియో సంగతి."

నా పక్కన నిలబడ్డ ముంచింగిపుట్టు ఆవిడ పకపకా నవ్వింది. "అప్పా, బువ్వ ఎట్టకుండానే తేన్చమంతన్నాడు!"

నా వెనకే ఉన్న నా కూతురు నవ్వలేదు. మోచెయ్యి పట్టి నన్ను పక్కకు లాగింది.

"సెప్పేయే అమ్మా. రెండు మాటలే కదా, ఎవులు సూత్తారు? నీ బింకానికి నా ఎగ్జామ్ పోవాలా?"

రెండు మాటలే, నిజమే. కట్టెలు కొట్టడం తక్కువ పనేమీ కాదు. కానీ ఆ వీడియో ఫోన్లలో తిరిగినంతకాలం, మూడేళ్ళు తాను చదివి సంపాదించుకున్నది ఎవరో జాలిపడి ఇచ్చినట్టు నా కూతురు వినాలి. పైగా నా ఒక్క పిల్లకే టికెట్టు వస్తుంది. ఈ వరసలో ఉన్న మిగతా తల్లుల ముందు నుంచి దాన్ని పట్టుకుని ఎలా నడిచి వెళ్ళను?

గుమస్తాకు కొర్రకొత్త సంగతి అప్పుడే చెప్పాను. "ముందు టికెట్లు ఇవ్వండి, అందరికీ. తర్వాత మాట్లాడదాం. అప్పుడు కూడా నేను నిలబడి మాట్లాడను. కుర్చీ వెయ్యండి."

"కుర్చీలు స్టాఫ్‌కి."

అయితే సరేనని అతని గుమ్మంలోనే కూర్చున్నాను. ముంచింగిపుట్టు ఆవిడ నా పక్కన చతికిలబడింది. తర్వాత అందరూ కూర్చున్నారు. లోపలివాళ్ళు బయటికి రావడానికి దారి లేదు.

"లెగండమ్మా, దారికడ్డం!"

"కొండ దిగొచ్చినాం బాబూ, కాళ్ళు లాగేత్తన్నాయి."

అతను ఫోన్ పట్టుకుని ఒక్కొక్కరి ముందుకూ వంగాడు. అంతా కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. పొద్దుటి నుంచి అతన్ని తెలుగులో ఏకిపారేసిన ఒకావిడ, "నాకు తెలుగు రాదు బాబూ," అంది. నా కూతురు దూరంగా స్తంభానికి ఆనుకుని నా వైపు చూడకుండా నిలబడింది. ఆ కాసేపు నాకు ఎంత బరువుగా గడిచిందో దానికి ఇప్పటికీ చెప్పలేదు.

చివరికి ప్రిన్సిపాల్ వచ్చాడు. "మా జీతాలు కూడా ఆగాయమ్మా," అన్నాడు. అబద్ధం చెబుతున్నాడనిపించలేదు. "వాటిని ఈ పిల్లలు ఆపలేదు కదా," అన్నాను. ఆయన గుమస్తా వైపు తిరిగాడు. అందరికీ ఇచ్చెయ్యమన్నాడు.

గుమస్తా ఇచ్చాడు. ఇస్తూ, ప్రతి టికెట్టు మీదా ఎర్ర సిరాతో 'ఫీజు బాకీ' అని ముద్ర గుద్దాడు. నా కూతురు ఆ ముద్ర కనబడకుండా టికెట్టు మడవబోయింది.

"మడవకు," అన్నాను. "అది నీ బాకీ కాదు."

మర్నాడు కాలేజీ గేటు దగ్గర నేను కాచుకుని ఉంటే, పరీక్ష రాసి వచ్చింది. బాగా రాసిందట. "హాల్లో సగం బెంచీల మీద అదే ముద్దరమ్మా," అంది. దాని గొంతులో కోపం వినిపించింది. నాకు అది చాలు.

గేటు దగ్గర గుమస్తా మళ్ళీ ఫోన్ తీశాడు. "టికెట్లు ఇచ్చేశాం కదా. ఇప్పుడైనా చెప్పండి." ఈసారి మీరు అన్నాడు.

"ఆ ముద్రలోని బాకీ తీరిన రోజు కబురు చెయ్యండి. నేనే వస్తాను. కుర్చీ వేసి ఉంచండి," అన్నాను.

మా ఊళ్ళో ఈ ఏడు కొర్రకొత్త కూడా అయిపోయింది. అతని దగ్గర్నుంచి కబురు రాలేదు.